రాని పన్ను, మూసిన పసిపిల్లల గది

నాకు ఎవరి మీదా తొందరగా నమ్మకం కుదరదు. వంటింట్లో పనిచేసేవాళ్లకు అది మంచి గుణమే. పాలు వాసన చూడకుండా పిల్లల గ్లాసులో పోసేవాళ్లు వంటకు పనికిరారు. మనుషుల మాటలు కూడా అలాగే వాసన చూసి తీసుకోవాలని నా అభిప్రాయం.

నేను ఊరి శివారున టార్నీట్‌లో ఒక చైల్డ్ కేర్ సెంటర్లో వంటమనిషిగా చేశాను. మోకాళ్లు ఇక మా వల్ల కాదని మొరాయించేదాకా చేశాను. మా ఆయన ఫుట్‌స్క్రేలో హోటల్ వంటవాడు. ఆయన వీసా మీద ఈ దేశం వచ్చాను, ఆయన పోయాక ఆయన వదిలేసిన గరిటె నేను పట్టుకున్నాను. చదువు మూడో తరగతి దగ్గర ఆగిపోయింది. అందుకని నేను చెబుతుంటే మా చర్చి అమ్మాయి షారోన్ రాస్తోంది. రాసింది చదివించుకుని విన్నాను. "ఆంటీ, ఇక్కడ కొంచెం మెత్తగా రాయనా?" అని అడిగింది. వద్దన్నాను.

మనవాళ్ల అమ్మాయిలు ఇప్పుడు చాలామంది కోర్సు చేసి ఈ పనిలోకి వస్తున్నారు. డైపర్ ఎలా మార్చాలో, పిల్లాడు పడితే ఏం చేయాలో కోర్సులో చెబుతారు. ఎవరి మాట ఎంతవరకు నమ్మాలో చెప్పరు. నాకు తెలిసింది నేను చెబుతాను. నచ్చితే తీసుకోండి, లేకపోతే లేదు.

తిరిగొచ్చిన గిన్నెలు

వంటమనిషికి గదుల్లో ఏం జరుగుతుందో ఎవరూ చెప్పరు. ట్రాలీ మీద అన్నం లోపలికి వెళుతుంది, గిన్నెలు బయటికి వస్తాయి. అంతే మనకు తెలిసే ప్రపంచం. పసిపిల్లల గది నుంచి ఒక గిన్నె అలాగే నిండుగా తిరిగొస్తుంటే లోపల ఎవరో పిల్ల ఆకలితో ఉందని అర్థం.

ఆ గిన్నె నిత్యది. ఏడాది కూడా నిండని పిల్ల. వాళ్లమ్మ స్వప్న వృద్ధుల ఆశ్రమంలో నర్సు, నాన్న రవి వేర్‌హౌస్‌లో పని. ఒంగోలు వాళ్లు. పాపను దించడానికి వచ్చినప్పుడు స్వప్నను వంటింటి తలుపు దగ్గర ఆపాను.

"ఇంట్లో ఏం తింటుందమ్మా?"

"గుమ్మడికాయ, పెసరపప్పు, అన్నం ఆంటీ. మెత్తగా పిసికి పెట్టాలి. అదీ మా అత్తయ్య వీడియో కాల్‌లో పాట పాడితేనే నోరు తెరుస్తుంది."

"పాటకు మా దగ్గర మనిషి లేదు. పప్పు సంగతి నేను చూస్తాను."

ఉడికించాను. ట్రాలీలో పెట్టబోతుంటే డైరెక్టర్ లిండా వచ్చి గిన్నె తీసి పక్కన పెట్టింది. లిండా తెల్లావిడ, గట్టి మనిషి. ఆవిడకు నేను మరియమ్మను కాదు, మేరీని.

"టుడే నో, మేరీ లవ్" అంది. లవ్ అన్నది ఆవిడ అందరినీ పిలిచే పిలుపే. ఇంకేమీ చెప్పలేదు.

మన పప్పు ఆవిడకు గిట్టదని తేల్చేశాను. స్వప్న దగ్గర కూడా అదే అన్నాను. వంటింటి గోడ మీద ఒంటికి పడని తిండి ఉన్న పిల్లల ఫొటోలు ఉంటాయి, కింద రంగు చుక్కలు. ఒక్కో రంగు ఒక్కో పదార్థానికి. చదువురాని నాకు అవే అక్షరాలు. అసలు సంగతి తర్వాత తెలిసింది. ఆ గదిలో కొత్తగా చేరిన ఇంకో పాపకు పప్పులు పడవేమోనని అనుమానం, డాక్టర్ మాట ఇంకా రాలేదు. ఆ పాప ఫొటో గోడెక్కలేదు కాబట్టి అప్పటికి నాకు తెలియదు. డాక్టర్ పరవాలేదన్న రోజే లిండా వచ్చి, గుమ్మడికాయ పప్పన్నం పసిపిల్లలందరికీ మెనూలో పెట్టమంది. తను కూడా స్పూను పట్టుకుని గిన్నె దగ్గర నిలబడింది.

అనుమానం ఉండాలి. కానీ అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూడాలి గాని మూత మీద ఆవిరి చూసి చెప్పకూడదు. అప్పటి నుంచి నిత్య గిన్నె ఖాళీగా వచ్చింది. పాట లేకుండానే.

అమ్మలాంటివారు

ఓనరు ప్రసాద్ గారు గుంటూరు వైపు ఆయన, ఇంజనీరు. సెంటర్ ఆయనదే, వెనక కంచె అవతల గడ్డి పెరిగిన పొలం కూడా ఆయనదే. ఊరు అంతదాకా రాకముందు చవగ్గా కొన్నారట. మంచి మాటకారి. వంటింట్లోకి వచ్చినప్పుడల్లా "మీరు మా అమ్మలాంటివారు ఆంటీ" అనేవారు.

అమ్మాయిలూ, పనిచేసే చోట ఎవరైనా మిమ్మల్ని అమ్మా, అక్కా అంటే సంతోషించండి. సంతోషించి, వచ్చే వారం డ్యూటీ చార్టు చూసుకోండి. నన్ను అమ్మలాంటిదాన్ని అన్న వారమే నా సాయానికి వచ్చే అమ్మాయిని తీసేశారు. కన్నతల్లికి జీతం ఎవరిస్తారు చెప్పండి.

ఇంకో సంగతి. నేనున్న రోజుల్లోనే కాన్‌బెర్రాలో ఉండే పెద్ద ప్రభుత్వం తల్లిదండ్రులకు ఫీజు సాయం పెంచింది. తల్లులు ఆ రోజు నవ్వుతూ వచ్చారు. కొన్నాళ్లకు ఫీజు కూడా పెరిగింది. నవ్వులు తగ్గాయి. మధ్యలో ఆ డబ్బు ఎటు పోయిందో నేను చెప్పలేను, వంటింటికి మాత్రం రాలేదు. అవే ఆపిల్ పళ్లు, అవే ముక్కలు. పసిపిల్లల గదికి ఒక మనిషి కూడా పెరగలేదు. అందుకని పిల్లల పేరు చెప్పి ప్రభుత్వం డబ్బిస్తానంటే, గంగాళం ఎంత పెద్దదని నేను అడగను. గరిటె ఎవరి చేతిలో ఉందని అడుగుతాను.

పులిహోర మీటింగు

ఎన్నికల ముందు ఒక మాట పుట్టింది. ఆస్తి అమ్మి లాభం చేసుకుంటే ఇప్పటికే పెద్ద ప్రభుత్వం పన్ను తీసుకుంటుంది. ఇక మీదట రాష్ట్రం కూడా పెద్ద పెద్ద లాభాల మీద కొంత తీసుకుని, ఆ డబ్బు చైల్డ్ కేర్‌కూ బడులకూ పెడుతుందని ఒక పార్టీ వాళ్లు ఇంటింటికీ కాగితాలు పంచారు. అప్పటికి కాగితమే. చట్టం లేదు, ఏమీ లేదు.

ప్రసాద్ గారు మాత్రం ఆ కాగితం చూసి నిద్రపోయినట్టు లేరు. శనివారం మనవాళ్ల తల్లిదండ్రులందరినీ సెంటర్‌కు పిలిచారు. నన్ను పులిహోర చేయమన్నారు. పోపు వేస్తుంటే పక్కకు వచ్చి గొంతు తగ్గించారు.

"ఆంటీ, మీరు కూడా రెండు మాటలు చెప్పాలి. అంకుల్ కష్టపడి కొన్న ఇల్లు కదా మీది. రేపు మీరు అమ్ముకుందామంటే గవర్నమెంట్ వాళ్లు వచ్చి సగం పట్టుకుపోతారు. ఒంటరి ఆడమనిషి చెబితే జనానికి గుండెకు తగులుతుంది."

నా గుండెకే ముందు తగిలింది. ఆ ఇల్లు తప్ప నాకేముంది? పొయ్యి ఆపి లిండా దగ్గరికి వెళ్లి అడిగాను.

"మనం ఉంటున్న ఇంటి జోలికి రామనే ఆ కాగితంలో ఉంది మేరీ" అంది లిండా. "రేపు చట్టంలో ఏం రాస్తారో నాకు తెలియదు. నేను రాయడం లేదుగా."

ఆవిడ మాట పూర్తిగా నమ్మాననను. ఆయన మాట మాత్రం అసలు నమ్మలేదు.

మీటింగులో చిన్న పిల్లల కుర్చీల్లో పెద్దవాళ్లు మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. ప్రసాద్ గారు నిలబడి, "ఇవాళ పొలం మీద, రేపు మీ ఇంటి మీద, ఎల్లుండి మీ పిల్లల ఫీజు మీద. అంతా కలిసి నో చెప్పాలి" అన్నారు. చప్పట్లు మోగాయి. ఎవరు కొడుతున్నారా అని చూశాను. ఒక్కొక్కరికీ ఉన్నది ఒక ఇల్లు, దానికి కూడా తెల్లజుట్టు వచ్చేదాకా అప్పు. అయినా తాతల నాటి జమీందారీ పోతున్నట్టు బాధపడ్డారు. మనవాళ్లతో ఇదే చిక్కు. చేతిలో ఒక స్థలానికి అడ్వాన్సు రసీదు ఉంటే చాలు, భూస్వాముల వరుసలో వెళ్లి కూర్చుంటారు. అందరికంటే గట్టిగా కొట్టింది నిత్య వాళ్ల నాన్న రవి. ఎక్కడో ఇంకా దూరంగా, రోడ్డు కూడా పడని చోట బ్లాక్, అదే ఇంటి స్థలం, కొనడానికి ఆ నెలే డిపాజిట్ కట్టాడు.

స్వప్న పాపను భుజాన వేసుకుని వెనక నిలబడి ఉంది. "అంకుల్, ఆ డబ్బుతో చైల్డ్ కేర్ ప్లేసులు పెంచుతామంటున్నారు కదా? అది మంచిదే కదా?" అంది.

ప్రసాద్ గారు నవ్వారు. "అమ్మా, గవర్నమెంట్ తీసుకున్న డబ్బు పిల్లలదాకా వస్తుందా? ఎప్పుడైనా వచ్చిందా? మీరే చెప్పండి."

అందరూ నవ్వారు. రవి కూడా, "ఊరుకోవే, నీకు టాక్సుల సంగతేం తెలుసు" అన్నాడు. ప్రసాద్ గారు అన్న మాట నా మనసులో మాటే. మన అనుమానాన్ని మనకే తిప్పి వడ్డించేవాడు అబద్ధాలకోరు కంటే ప్రమాదం.

"ఇప్పుడు మరియమ్మ ఆంటీ మాట్లాడతారు" అన్నారు.

లేచాను. "నా ఇల్లు నేను అమ్మను. నేను పోయాక ఎవరమ్ముకుంటారో వాళ్లను పిలిచి అడగండి" అన్నాను. నవ్వులు. "బాబూ, నాకు ఒకటే తెలియాలి. ఆ పన్ను రాకపోతే పసిపిల్లల గది ఉంటుందా?"

"ఎందుకుండదు ఆంటీ! మన పిల్లలు కదా!" అని అందరి ముందూ అన్నారు.

"అయితే తినండి, పులిహోర చల్లారుతోంది" అన్నాను.

ముంతలో నీళ్లు

ఎన్నికలు అయిపోయాయి. ఆ పన్ను రాలేదు. కాగితాలు పంచినవాళ్లు కూడా ఆ మాట ఎత్తడం మానేశారు. వెనక పొలాన్ని ప్రసాద్ గారు ఇళ్లు కట్టేవాళ్లకు అమ్మేశారు. కంచె అవతల పసుపుపచ్చ యంత్రాలు దిగితే మా పిల్లలు రోజంతా కిటికీలకు అతుక్కుని చూశారు.

ఆ యంత్రాలు అక్కడుండగానే పసిపిల్లల గది మూసేస్తున్నామని తల్లిదండ్రులకు మెసేజ్ వెళ్లింది. లిండా నాకు చదివి వినిపించింది. రాబోయే పన్నుల భారం దృష్ట్యా, అని ఉంది అందులో.

అసలు లెక్క ఆవిడే చెప్పింది. పసిపిల్లలైతే నలుగురికి ఒక మనిషి ఉండాలి, అది రూలు. పెద్దపిల్లలైతే ఒక్క మనిషి చాలామందిని చూడొచ్చు. అదే గదిలో పెద్దపిల్లలను పెడితే జీతాలు మిగులుతాయి. గది మూయొద్దని లిండా ఆయనతో పోట్లాడిందట. ఆ వారమే పని మానేసింది. వెళ్లేముందు వంటింట్లోకి వచ్చి, నా పప్పు గిన్నె కడిగి బోర్లించి వెళ్లింది.

ప్రసాద్ గారు వచ్చినప్పుడు అడిగాను.

"పన్ను రాలేదు కదా బాబూ?"

"వచ్చే సూచనలున్నాయి ఆంటీ. బిజినెస్ అన్నాక ముందుచూపు ఉండాలి."

"మబ్బును చూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకున్నారని సామెత. మీరు ఒలకబోసింది మీ ముంతలో నీళ్లు కూడా కాదు."

"మీరు భలే మాట్లాడతారు ఆంటీ" అని నవ్వి ఒక ఆపిల్ ముక్క తీసుకుని వెళ్లిపోయారు. ఆయనకు కోపం కూడా రాలేదు. అది నాకు బాగా గుర్తుంది.

పాట ఎటు మారింది

చుట్టుపక్కల ఏ సెంటర్‌లో అడిగినా పసిపిల్లలకు ఖాళీ లేదన్నారు. పేరు రాయించుకుని పొమ్మన్నారు. స్వప్న అత్తగారికి గుండె బాగోక విమానం ఎక్కొద్దన్నారు. నేను చూసుకుందామంటే ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాను. ఇక మిగిలింది మనవాళ్లందరికీ తెలిసిన దారే. నిత్యను ఒంగోలు పంపించడం. ఎవరింట్లోనైనా పసిపిల్ల కనపడటం మానేస్తే, "ఇండియాలో ఉంది ఆంటీ, హ్యాపీగా ఉంది" అంటారు. ఎవరు హ్యాపీయో నేను అడగను.

కార్ పార్కులో రవి కనిపించాడు.

"ఏం చేయమంటారు ఆంటీ? తను ఉద్యోగం మానేస్తే బ్లాక్ డబ్బు కట్టలేం. బ్లాక్ వదులుకుంటే డిపాజిట్ పోతుంది."

"ఆ రోజు అంత గట్టిగా చప్పట్లు కొట్టావు కదయ్యా."

"ఎప్పటికో ఒకప్పటికి మనం కూడా అమ్మేవాళ్లమే కదా ఆంటీ" అన్నాడు.

స్వప్న పాపను తీసుకెళ్లి దించి ఒక్కతే వచ్చింది. ఒకరోజు మా ఇంటికి వచ్చి, కూర్చోకముందే ఫోన్ తీసింది. అక్కడ భోజనం వేళట. ఫోన్‌లో వాళ్లత్తగారు ఒళ్లో నిత్యను పెట్టుకుని ముద్దలు కలుపుతోంది. "పాడవే, మూతి బిగించుకుంది" అంది ఆవిడ. స్వప్న నా సోఫా అంచున కూర్చుని పాడింది. ఇదివరకు అత్తగారు పాడితే తల్లి తినిపించేది, ఇప్పుడు తల్లి పాడుతుంటే అత్తగారు తినిపిస్తోంది. పాట అదే. నిత్య ఒక ముద్ద తిని, చెయ్యి చాపి ఫోన్‌ను బోర్లా పడేసింది. తెర నల్లగా అయింది. స్వప్న ఆ నల్ల తెరను చూస్తూ చివరిదాకా పాడింది.

నా మాట

ఈ ఏడాది మళ్లీ ఆ పన్ను మాట వినపడుతోంది. ఆ పార్టీ తరఫున ఒక అమ్మాయి మా గుమ్మంలోకి వచ్చింది. ఇక్కడే పుట్టిన మన పిల్ల. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది.

"ఆ డబ్బుతో ఏం చేస్తారమ్మా?"

"ఫస్ట్ కిండర్స్ ఆంటీ, దెన్ స్కూల్స్." కిండర్ అంటే బడికి ముందు, మూడేళ్లు దాటిన పిల్లలు వెళ్లేది.

"నడక రాని పిల్లలకు?"

కాసేపు తన కాగితాలు తిరగేసింది. "ఆనెస్ట్‌లీ ఆంటీ, ఐ డోంట్ నో."

తెలియదని చెప్పింది, అది నయం. మంచినీళ్లిచ్చి, "ఆ మాట కూడా కాగితంలో వేయించుకుని రా, అప్పుడు నా ఓటు అడుగు" అని పంపాను.

నన్నడిగితే ఆ పన్ను రావాలి. ప్రసాద్ గారి పొలం ధర ఆయన నాగలి పట్టినందుకు పెరగలేదు. పక్కన రైలు స్టేషన్ వచ్చింది. మనలాంటివాళ్లం వచ్చి చుట్టూ ఇళ్లు కట్టుకున్నాం, పిల్లల్ని కన్నాం. ఇక్కడ పిల్లలు పుడుతున్నారనే ఆ మట్టికి అంత ధర. అందులో ఆ పిల్లలకు ఒక గది అడగడం తప్పెలా అవుతుంది? కానీ పన్ను వేసేవాళ్లను కూడా నేను నమ్మను. పిల్లల పేరు చెప్పి తీసుకున్నది ముందు పసిపిల్లల గదికి చేరిందని కళ్లతో చూశాకే చప్పట్లు కొడతాను. మీరు కూడా ఏ మీటింగులోనైనా చప్పట్లు మొదలైతే, కాసేపు చేతులు ఒళ్లో పెట్టుకుని మీరు ఏ వరుసలో కూర్చున్నారో చూసుకోండి. కొత్త సెంటర్‌లో చేరిన మొదటి రోజు గోడల మీద బొమ్మలు కాదు, పసిపిల్లల గది ఉందో లేదో చూడండి. ఉంటే అక్కడి గిన్నెలు చూడండి.

గది మూశాక అందులోని చిన్న మంచాలు అమ్మకానికి పెట్టారు. నిత్య పడుకునేది నేను కొనుక్కున్నాను. ఒంటరిదానివి నీకెందుకని షారోన్ ఇప్పుడు కూడా అడుగుతోంది. గరాజ్‌లో దుప్పటి కప్పి ఉంచాను. ఈ మధ్య ఫోన్‌లో నిత్యను చూశాను, వాకిట్లో కోడి వెంట పరుగెత్తుతోంది. ఆ పన్ను వచ్చినా, ఆ గది మళ్లీ తెరిచినా, ఈ మంచంలో ఆ పిల్ల ఇక పట్టదు.

రాసుకో షారోన్. మంచం అమ్మను.